పొట్ట గోడకు మరమ్మతు

కోటప్పకొండకు వచ్చేవాళ్లు త్రికోటేశ్వరస్వామితో పాటు గొల్లభామకూ దణ్ణం పెట్టుకుంటారు. నిండు గర్భంతో కూడా కొండెక్కి శివుణ్ణి కొలిచిన ఆ గొల్లభామ ఆనందవల్లి కథ పల్నాడులో ఆడపిల్లలకు చిన్నప్పుడే తెలుస్తుంది. కడుపుతో ఉన్న మనిషి మోసే బరువును ఇంత గౌరవంగా చెప్పుకున్న సీమలో, కాన్పయ్యాక ఆ ఒళ్లు ఏమవుతుందన్న మాట మాత్రం గుసగుసల్లోనే ఉండిపోయింది. కుచ్చిళ్ల మీదికి జారే చర్మం, దగ్గితే ఉబ్బే బొడ్డు, బిందె ఎత్తితే లాగే నడుము. వీటన్నిటినీ తిండి ఎక్కువై వచ్చినవని కొట్టిపారేయడం అన్యాయం. పొట్ట తగ్గించే ఆపరేషన్, డాక్టర్లు అబ్డామినోప్లాస్టీ అనేది, నూట ముప్పై ఏళ్లలో ఎలా మారుతూ వచ్చిందో చూస్తే ఆ సంగతి తేటపడుతుంది.

పొట్ట కోయాలంటే ముందు మత్తు కావాలి. ఆ చరిత్రలో హైదరాబాదుకు పెద్ద చోటే ఉంది. క్లోరోఫామ్ ఇచ్చినప్పుడు కొందరు బల్ల మీదే ఎందుకు చనిపోతున్నారో తేల్చడానికి నిజాం ప్రభుత్వ వైద్యుడు ఎడ్వర్డ్ లారీ 1888లో ఒకసారి, 1889లో మరోసారి కమిషన్లు నడిపాడు. రెండోదానికి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే వైద్యుడు వచ్చాడు, ఖర్చు నిజాం పెట్టుకున్నాడు. ముందు ఆగేది ఊపిరి, గుండె కాదు, కాబట్టి ఊపిరినే కనిపెట్టి చూడండి అని వాళ్లు తేల్చారు. క్లోరోఫామ్ నేరుగా గుండెనూ దెబ్బతీయగలదని 1911లో లెవీ అనే వైద్యుడి ప్రయోగాలు చూపించాయి. అయినా మత్తులో ఉన్న మనిషి ఊపిరి మీంచి చూపు తిప్పకూడదన్న ఆ పట్టుదల ఈనాటి ఆపరేషన్ థియేటర్లలోనూ ఉంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1890లో, ఫ్రాన్సులో డెమార్స్, మార్క్స్ అనే వైద్యులు బొడ్డు హెర్నియా సరిచేస్తూ అడ్డొచ్చిన కొవ్వును, చర్మాన్ని కోసి తీసేశారు. 1899లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో హోవర్డ్ కెల్లీ ఒక స్త్రీ పొట్ట నుంచి ఏడు కిలోలకు పైగా బరువున్న మడతను తొలగించాడు. కెల్లీ స్త్రీల వ్యాధుల వైద్యుడన్నది మరచిపోకూడదు. నడవనివ్వని, కిందంతా ఒరిసి పుళ్లు పడే బరువును దించడమే ఆయన ఉద్దేశం. అందం ఊసు ఆ కాలపు రాతల్లో తక్కువ. బొడ్డు పోయినా పోనీ అనుకున్నారు.

అదే కాలంలో గుంటూరులో లూథరన్ మిషన్ డాక్టర్ అన్నా కుగ్లర్ ఆడవాళ్లకు వైద్యం చేస్తున్నారు. 1883లో వచ్చిన ఆమె 1890ల చివరికల్లా స్త్రీలకు ఆసుపత్రి నిలబెట్టారు. ఆనాడు ఆడమనిషి కాన్పులో బతికి బయటపడటమే గొప్ప. ఆ తర్వాత పొట్టకు ఇంట్లో చేసే వైద్యం నడికట్టు ఒక్కటే. పాత చీరను మడిచి బిగించి కట్టేవాళ్లు. అది నడుముకు ఆసరా ఇస్తుంది, బాలింతకు ధైర్యమూ ఇస్తుంది. విడిపోయిన కండరాన్ని మాత్రం కలపలేదు.

ఈ కథలో అసలు మలుపు ఆ కండరం దగ్గరే. పొట్ట మధ్యలో నిలువుగా రెండు కండరాల పట్టీలుంటాయి, వాటిని కలిపే పొర కడుపుతో ఉన్నప్పుడు సాగుతుంది. చాలామందికి కొన్ని నెలల్లో తిరిగి దగ్గరపడుతుంది, కొందరికి పడదు. తొలితరం సర్జన్లు పైపైన కోసి కుట్టేశారు. 1920లలో షికాగోలో మాక్స్ థోరెక్ బొడ్డును కాపాడటం మీద దృష్టి పెట్టాడు. 1957లో వెర్నన్ అనే సర్జన్, చర్మాన్ని కిందికి లాగాక బొడ్డును కొత్త రంధ్రంలోంచి పైకి తెచ్చి కుట్టే పద్ధతి రాశాడు. 1960లలో బ్రెజిల్ సర్జన్లు, ముఖ్యంగా కాలియా, పిటాంగీ, కోతను బాగా కిందికి దించారు. మన లెక్కలో చెప్పాలంటే చీర కట్టే చోటుకు దిగువకు. లోపల సాగిన పొరను మడిచి కుట్టి కండరాలను దగ్గరకు చేర్చడం కూడా మామూలైంది. పిటాంగీ 1967లో 300 ఆపరేషన్ల అనుభవాన్ని ప్రచురించాడు. డబ్బున్నవాళ్ల డాక్టరుగా పేరుపడ్డ ఆయన రియోలోని ధర్మాసుపత్రిలో పేదలకూ ప్లాస్టిక్ సర్జరీ చేశాడు. నాకు ఆయన మీద గౌరవం అందుకే ఎక్కువ.

1970ల చివర్లో పారిస్‌లో ఇల్లూజ్ అనే వైద్యుడు మొద్దు మొన గొట్టంతో కొవ్వును పీల్చే లైపోసక్షన్‌ను జనంలోకి తెచ్చాడు. దానితో ఒక అపోహా పుట్టింది, ఇదంతా చిన్న పనేనని. తెలుగు సినిమా నటి ఆర్తీ అగర్వాల్ 2015 జూన్‌లో 31 ఏళ్లకే న్యూజెర్సీలో కన్నుమూశారు. అంతకు కొన్ని వారాల ముందు ఆమె లైపోసక్షన్ చేయించుకున్నారని పత్రికలు రాశాయి. ఆమె మరణానికి కారణం ఇదేనని ఎవరం తీర్పు చెప్పలేం. కానీ మనిషి లావును తూకం వేసి నవ్వే లోకం ఆడవాళ్లను ఆపరేషన్ బల్ల దాకా నెడుతున్న మాట నిజం.

ఇక మన దగ్గర. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 42 శాతానికి పైగా కాన్పులు సిజేరియన్‌తోనే అయ్యాయి. దానికి తోడు పిల్లలు పుట్టకుండా చేయించుకునే ఆపరేషన్. అంటే పొట్ట మీద కుట్లు లేని తల్లులు తగ్గిపోతున్నారు. పొట్ట తగ్గించుకోవడానికి వెళ్లేవాళ్లు ఆ పాత కుట్ల సంగతి సర్జన్‌కు తప్పక చెప్పాలి, రక్తప్రసరణ లెక్క వాటిని బట్టి మారుతుంది.

పొట్ట తగ్గించే ఆపరేషన్ రెండు నుంచి నాలుగు గంటలు పడుతుంది, పూర్తి మత్తులో చేస్తారు. కోత ఒక తుంటి నుంచి మరో తుంటి దాకా ఉంటుంది. ఆ మచ్చ పలచబడటానికి ఏడాదీ ఆపైనా పడుతుంది, పూర్తిగా పోదు. నీరు చేరకుండా పెట్టిన గొట్టాలు కొన్ని రోజులుంటాయి. మొదటి వారం వంగే నడవాలి, అయినా మర్నాటి నుంచే నడవాలి, ఎందుకంటే కాళ్లలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రాణాంతకం. బెల్టు ఆరు వారాలు. ఆ ఆరు వారాలూ బిందె ఎత్తకూడదు, చంటిపిల్లను ఎత్తకూడదు, కోటప్పకొండ మెట్ల దారి జోలికి పోకూడదు. బొడ్డు కింద నెలల తరబడి తిమ్మిరిగా ఉంటుంది. అత్తగారో అమ్మో వచ్చి ఇల్లు చూసుకునే వీలు లేకపోతే ఈ ఆపరేషన్ వాయిదా వేసుకోవడమే మేలని నా అభిప్రాయం.

బరువు తగ్గడానికి ఇది దారి కాదు. ముందు బరువు తగ్గి, కొన్ని నెలలు నిలకడగా ఉన్నాకే చేయించుకోవాలి. మళ్లీ పిల్లలు కావాలనుకునేవాళ్లు ఆగాలి. పొగతాగేవాళ్లకు, షుగర్ అదుపులో లేనివాళ్లకు గాయం అంచు నల్లబడి చచ్చిపోయే ప్రమాదం ఎక్కువ. మగవాళ్ల గట్టి బొజ్జల్లో కొవ్వు చాలామటుకు పేగుల చుట్టూ ఉంటుంది. దాన్ని ఈ కత్తి ముట్టుకోదు.

అందం కోసమని రాస్తే ఆరోగ్యశ్రీ గానీ ప్రైవేటు బీమా గానీ సాధారణంగా పైసా ఇవ్వవు. హెర్నియా ఉంటే లెక్క వేరు. బొడ్డు దగ్గరో పాత సిజేరియన్ కుట్ల దగ్గరో దగ్గినప్పుడు ఉబ్బెత్తు కనిపిస్తే, ప్లాస్టిక్ సర్జన్ కన్నా ముందు జనరల్ సర్జన్‌కు చూపించి స్కానింగ్ చేయించుకోవాలి. కండరాలు విడిపోవడం మాత్రమే అయితే ఫిజియోథెరపిస్టు నేర్పే వ్యాయామాలతో కొన్ని నెలలు ప్రయత్నించాకే ఆపరేషన్ మాట ఎత్తాలి.