కొల్చారము నుండి భేస్తాను దాక: పద్యమునకు అర్థము చెప్పుట

సూరతునుండి ముంబయికి పోవు రైలుదారిలో ఉధ్నా దాటిన పిదప, సచిను చేరకమునుపు, భేస్తాను అను చిన్న స్టేషను కలదు. కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ, మహబూబునగరము జిల్లాలనుండి బ్రదుకుదెరువునకై వలసవచ్చి, సాంచాల, అనగా మరమగ్గముల, చప్పుడునే జోలపాటగా విని పెరిగిన పిల్లలకు మరల పిల్లలు పుట్టునంతకాలము సూరతు పేటలలో నిలదొక్కుకొన్న పద్మశాలీ కుటుంబములు పెక్కు కలవు. నగరపాలకసంస్థ నడపు బడులలో తెలుగు మాధ్యమపు బడులును ఉన్నవి.

ఒకనాటి సాయంకాలము భేస్తానులో ఒక యింటి అరుగుమీద పాఠ్యపుస్తకము పట్టుకొన్న బాలు డొకడు “తామరసనేత్రుడు” అను సమాసముకడ ఆగి, దానిని “తామర”, “సనేత్రుడు” అని విరిచి, “తామర ఒంటికి లేచే జబ్బు గదా, దేవునికెట్ల వచ్చింది తాతా?” అని నన్నడిగెను. నేను నవ్వితిని గాని, పద్యమునకు అర్థము చెప్పు విద్య అంతయు ఈ విరుపుకడనే మొదలైనదని పిదప తోచినది. తామరస మనగా తామరపూవని తెలియువానికి ఎవ్వరును చెప్పనక్కరలేదు; తెలియనివానికి చెప్పువాడు కావలెను. పద్యమునకును పఠితకును నడుమ కాలముచేత గాని దేశముచేత గాని దూర మేర్పడినప్పుడే వ్యాఖ్యాత పుట్టుచున్నాడు.

ఆ వ్యాఖ్యాతలలో అగ్రగణ్యుడు మన మెదకు సీమలోని కొల్చారమువాడని ప్రసిద్ధి కెక్కిన మల్లినాథసూరి. తనకు ఎన్నో శతాబ్దుల పూర్వుడైన కాళిదాసును తనకాలపు విద్యార్థి చేతికందించుటకు “సంజీవని”ని, భారవికి “ఘంటాపథము”ను, మాఘునకు “సర్వంకష”ను రచించి, మూలములో లేనిది చెప్పను, అక్కరలేనిది పలుకను అను నియమముతో వ్రాసిన ఆ పండితుని టీకలే భారతదేశమందలి సంస్కృతపాఠశాలల కన్నిటికిని నేటికిని శరణ్యములై యున్నవి.

పద్యము చెప్పుటలో మన పెద్దలకు రెండు త్రోవలుండెను. చిందరవందరగా నున్న పదములను వచనక్రమమున పేర్చుట దండాన్వయము. క్రియను ముందు పట్టుకొని, “పోయెను – ఎవడు? ఎచటికి? ఎట్టివాడై?” అని ఒక్కొక్క ప్రశ్నతో ఒక్కొక్క పదమును రాబట్టుట ఖండాన్వయము. కండెనుండి పోగు లాగినట్లు అర్థము వచ్చు ఈ రెండవ త్రోవయే పిల్లలకు మేలని నా యభిప్రాయము.

తెలుగున కావ్యాలంకారచూడామణి మొదలు 1656 నాటి అప్పకవీయము దాక వెలసిన లక్షణగ్రంథములు గొప్పవే గాని, అవి కవికి వ్రాయుట నేర్పినవి; చదువరికి చదువుట నేర్పలేదు. ఆ పనిని శాస్త్రము పేరు చెప్పకయే చేసినవారు పల్లెలలో నుండిరి. పద్మశాలీల యిండ్లకు వచ్చి కులపురాణము చెప్పు కూనపులివారు, చేర్యాల నకాషీలు చిత్రించిన పొడవాటి పటమును మీదినుండి క్రిందికి విప్పుచు, బెత్తముతో ఒక్కొక్క బొమ్మను చూపుచు, పాట పాడి, ఆగి, మాటలలో మరల విప్పి చెప్పెడివారు. పాట, బొమ్మ, వివరణము మూడును పెనవేసికొన్న ఆ పద్ధతిని వ్యాఖ్యానముగా సాహిత్యచరిత్రకారులు సాధారణముగా లెక్కింపకపోవుట న్యాయము కాదు.

అచ్చుయంత్రము వచ్చిన పిదప దూరము మరియొక రూపము దాల్చెను. తెలుగు తన మాతృభాష గాని బ్రౌనుదొర 1829లో వేమన పద్యములను ప్రకటించి, తరువాత ప్రబంధములను అచ్చువేయించుటకు పూనుకొని, జూలూరి అప్పయ్య వంటి పండితులచేత టీకలు వ్రాయించెను. పరాయివానికి అర్థము కావలసివచ్చుటచేత మనకు టీకలు దక్కినవి! మద్రాసున వేదము వేంకటరాయశాస్త్రిగారు శృంగారనైషధమునకు “సర్వంకష” యనియు, ఆముక్తమాల్యదకు “సంజీవని” యనియు మల్లినాథుని పేళ్లనే పెట్టి వ్యాఖ్యలు రచించుట తాతపేరును మనుమనికి పెట్టుట వంటిది.

పందొమ్మిదవ శతాబ్ది నడుమనే సూరతు నగరమందు గుజరాతీ విమర్శయు కన్నుతెరచుచుండెను. ఈ యూరివాడైన నర్మదుడు 1858లో కవిని, కవిత్వమును గూర్చి వ్యాసము వ్రాసెను. ఈ యూరివాడే యైన నవలరాముడు గుజరాతీ భాషలో తొలి విమర్శకుడుగా గణుతికెక్కెను. మన మగ్గపువారి పిల్లలు చదువుకొను ఊరిలో విశ్వవిద్యాలయము 2004 నుండి ఆ నర్మదుని పేరనే యున్నది.

తెలుగున ఆధునిక విమర్శ పాదు కొన్నది తెలుగునేలపై కాదు, మైసూరున. మహారాజా కళాశాలలో ఆచార్యుడుగా నున్న కట్టమంచి రామలింగారెడ్డిగారు 1914లో ప్రకటించిన “కవిత్వతత్త్వవిచారము” పింగళి సూరన కావ్యములను పట్టుకొని, కవిత్వమునకు ప్రాణము అలంకారమా, భావనాశక్తియా యని నిలదీసినది. పండితలోక మెంత నొచ్చుకొన్నను ప్రశ్న మాత్రము నిలిచెను. ఆ కళాశాలలోనే 1912 మొదలుకొని దశాబ్దములపాటు తెలుగు చెప్పిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు కన్నడదేశమున తెలుగుపద్యమును చెప్పుచు, సంగీతజ్ఞుని చెవితో పద్యపు నడకను వినుచు, 1928లో వేమనపై ఇచ్చిన ఉపన్యాసములలో ఆ కవిని నీతులు చెప్పు బైరాగిగా గాక మనుష్యుడుగా మన ముందు నిలిపిరి. నా తూనికలో రెడ్డిగారి బుద్ధి పదునైనది, శర్మగారి హృదయము పెద్దది. బాలునికి పాఠము చెప్పవలసివచ్చినచో నేను శర్మగారినే పిలుతును.

విశ్వనాథ సత్యనారాయణగారు నన్నయ ప్రసన్నకథాకలితార్థయుక్తిని, అల్లసానివారి అల్లిక జిగిబిగిని విప్పిచూపిన గ్రంథములలో పదవిభాగమును రసవిచారమును ఒక్కచో కలిసినవి. అటుపిమ్మట ఆ జంట విడిపోయెను. సి. నారాయణరెడ్డిగారి “ఆధునికాంధ్ర కవిత్వము: సంప్రదాయములు, ప్రయోగములు” (1967), వెల్చేరు నారాయణరావుగారి “తెలుగులో కవితావిప్లవాల స్వరూపం” (1978) చరిత్రను చక్కగా చూపినవి, చేకూరి రామారావుగారి “చేరాతలు” కొత్త కవులను పత్రికాపాఠకునికి పరిచయము చేసినవి. వెల్చేరువారు అమెరికాలోని విస్కాన్సిను విశ్వవిద్యాలయమున పాఠము చెప్పిరనుటయు దూరము కథలోనిదే. కాని ఉద్యమములను వాదములను చర్చించుటలో విమర్శ పెద్దదగుచుండగా, టీక మాత్రము పరీక్షల గైడు పుస్తకమునకు జారిపడినది. ఒకటి విద్వాంసునికి, ఒకటి మార్కులకు. నడుమనున్న చదువరి కేదియు లేదు.

భేస్తాను బాలునికి గైడు చాలదు. వాదములు వానికి ఇంకను అక్కరలేదు. “అల్లిక జిగిబిగి” యన్నచో వానికి నాకంటె బాగుగా తెలియును, పడుగు పేక లెరిగినవాడు గనుక. కూనపులివాని బెత్తము, మల్లినాథుని నియమము, రాళ్లపల్లివారి చెవి యను మూడును కలిసిన చిన్న టీకాపుస్తకము, ముప్పది పద్యములకు మించనిది, ఇచటి పిల్లలకొరకు ఎవ్వరైన వ్రాయవలసి యున్నది. అది వచ్చులోపల, సూరతులో తెలుగు చదువుకొన్న పెద్దలు వారమున కొక సాయంకాలము సాంచాలకు సెలవు దొరకినప్పుడు ఆ పిల్లలను పిలిచి, ఒక్క పద్యమును క్రియ మొదలుకొని ప్రశ్నలడుగుచు విప్పి చెప్పవలెనని నా ప్రార్థన.