నడిగడ్డ పంటల పేర్లు: స్పానిష్ మాటలకు తెలుగు అనువాదాలు

ఉపోద్ఘాతం

కృష్ణా, తుంగభద్ర నదుల మధ్య ఉన్న నేలను పాలమూరు ప్రజలు నడిగడ్డ అంటారు. ఆ నేలకు తూర్పు కొసన, నదుల సంగమానికి సమీపంలో ఆలంపూర్ ఉంది. బాదామి చాళుక్యుల నాటి నవబ్రహ్మ ఆలయాలు, జోగులాంబ క్షేత్రం, శాసనాలు ఈ ఊరికి చరిత్ర గ్రంథాలలో స్థానం కల్పించాయి. అయితే రాతి మీద చెక్కని ఆధారాలు కూడా ఈ ప్రాంతంలో ఉన్నాయి. మిరప, పొగాకు, వేరుశనగ, మక్కజొన్న, సీతాఫలం, బొప్పాయి, టమాట అనే పేర్లు అటువంటివి. ఈ మొక్కల జన్మస్థానం అమెరికా ఖండాలు. 1492లో కొలంబస్ సముద్రయానం తరువాతనే ఇవి యూరప్ నావికుల ద్వారా ఆసియాకు చేరాయన్నది వృక్షశాస్త్రజ్ఞులలో అత్యధికుల అభిప్రాయం.

అనువాదం అనగానే గ్రంథానువాదమే స్ఫురిస్తుంది. కాని కొత్త వస్తువు చేతికి వచ్చినప్పుడు దానికి సొంత భాషలో పేరు పెట్టుకోవడం కూడా అనువాదమే. స్పానిష్ భాష లోకానికి పరిచయం చేసిన పంటల పేర్లను తెలుగు ఏయే పద్ధతులలో తనవి చేసుకున్నదో, ఆ పేర్లు చరిత్ర రచనకు ఏ మేరకు ఆధారం కాగలవో నడిగడ్డ నేపథ్యంలో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

స్పానిష్ మాటల పుట్టుక

స్పానిష్ పంటల పేర్లుగా ప్రసిద్ధి పొందిన వాటిలో చాలా భాగం స్పెయిన్‌లో పుట్టినవి కావు. ‘మాయిస్’, ‘బటాటా’ అనే మాటలు కరేబియన్ దీవులలోని తైనో భాషవి. ‘టొమాటే’, ‘సపోటే’ అనేవి మెక్సికోలోని నహువా భాషవి. ‘పాపా’ దక్షిణ అమెరికాలోని కెచువా భాషలో ఆలుగడ్డ పేరు. ‘బటాటా’, ‘పాపా’ కలిసి స్పెయిన్‌లో ‘పటాటా’ అయింది. అంటే ఈ మాటలు తెలుగు నేలకు రాకముందే ఒకసారి భాష మారాయి.

స్థానిక నామాన్ని స్వీకరించడంతో పాటు స్పానిష్ వారు పాత మాటను కొత్త వస్తువుకు విస్తరించే పద్ధతిని కూడా అనుసరించారు. వారి భాషలో మిరియం ‘పిమియెంటా’. అమెరికాలో కనిపించిన కారపుకాయను ఆ మాట నుండే ‘పిమియెంటో’ అన్నారు. 1493 జనవరి 15 నాటి దినచర్యలో కొలంబస్ అక్కడి ‘అహీ’ అనే కాయను ఆ ప్రజల మిరియంగా పేర్కొన్నాడు. మిరియాల కోసం బయలుదేరిన నావికుడు కారంగా ఉన్న కొత్త కాయను మిరియంతో పోల్చి అర్థం చేసుకోవడం సహజమే. ఇదే ప్రక్రియ తెలుగులో స్వతంత్రంగా జరిగింది. మిరియం, మిరప ఒకే పదకుటుంబానికి చెందినవి. తమిళంలో ‘మిళగు’ నుండి ‘మిళగాయ్’, కన్నడంలో ‘మెణసు’ నుండి ‘మెణసినకాయి’ ఏర్పడ్డాయి. పరస్పర సంబంధం లేని భాషలు ఒకే సమస్యకు ఒకే పరిష్కారాన్ని కనుగొన్నాయి. ఎరిగిన కారం పేరే ఎరగని కారానికి ఆధారమైంది.

నడిగడ్డకు చేరిన దారులు

పోర్చుగీసువారు 1510లో గోవాను వశపరచుకున్నారు. 1520లో శ్రీకృష్ణదేవరాయలు రాయచూరు కోటను ముట్టడించినప్పుడు క్రిస్తోవావ్ ద ఫిగైరెదో నాయకత్వంలో పోర్చుగీసు తుపాకీదారులు ఆయనకు సహకరించినట్లు ఫెర్నావో నూనిజ్ రాశాడు. రాయచూరు, ఆలంపూర్ రెండూ ఒకే అంతర్వేదిలోనివి. కనుక గోవా తీరానికి, ఈ నేలకు మధ్య రాకపోకలు పదహారవ శతాబ్ది తొలి దశకాలలోనే ఉన్నాయని స్పష్టమవుతున్నది. 1580 నుండి 1640 వరకు స్పెయిన్, పోర్చుగల్ రాజ్యాలు రెండూ ఒకే రాజు ఏలుబడిలో ఉన్నందున ఆ కాలంలో గోవా కూడా స్పెయిన్ రాజు అధికారం కిందనే ఉంది.

పొగాకు విషయంలో దక్కను పాత్రకు ప్రత్యక్ష ఆధారం లభిస్తున్నది. సుమారు 1604లో అసద్ బేగ్ బీజాపూర్ నుండి పొగాకును తెచ్చి అక్బరుకు సమర్పించినట్లు స్వయంగా రాసుకున్నాడు. ఉత్తరాన మొగలు దర్బారుకు వింతగా తోచిన వస్తువు అప్పటికే బీజాపూర్‌లో దొరుకుతున్నదన్న మాట.

రెండవ దారి పసిఫిక్ సముద్రానిది. 1565 నుండి 1815 వరకు మెక్సికోలోని అకపుల్కోకు, ఫిలిప్పీన్స్‌లోని మనీలాకు మధ్య స్పానిష్ ఓడలు తిరిగాయి. కోరమండల్ తీరపు వస్త్రాలు మనీలాకు చేరేవి. తమిళులు వేరుశనగను ‘మణిలాక్కొట్టై’ అనడం ఈ దారిని గుర్తు చేస్తుంది. సీమచింత కూడా మెక్సికో మొక్కయే. ఇంగ్లీషువారు దానిని మనీలా చింత అన్నారు. తెలుగువారు ఆ రేవు పేరును వదిలి, పరదేశానికి సామాన్య నామమైన ‘సీమ’ను చేర్చుకున్నారు.

ఏ పేరు ఏ దారిన వచ్చిందో కొన్నిచోట్ల మాటే తెలుపుతుంది. స్పానిష్ వారు అనాసను దేవదారు జాతి చెట్ల కాయతో పోల్చి ‘పిన్యా’ అన్నారు. ఫిలిప్పీన్స్‌లో నేటికీ అదే పేరు. పోర్చుగీసువారు బ్రెజిల్ ప్రాంతపు మాట నుండి ‘అననాస్’ అన్నారు. తెలుగులో ఉన్నది ‘అనాస’. కనుక ఈ పండు పేరు తెలుగుకు చేరినది పోర్చుగీసు దారినే. శాసనం లేనిచోట ఒక్క పదం ఇంతటి నిర్ణయానికి తోడ్పడుతున్నది.

తెలుగు అనుసరించిన పద్ధతులు

తెలుగు పంటల పేర్లను పరిశీలిస్తే ప్రధానంగా నాలుగు పద్ధతులు కనిపిస్తాయి.

మొదటిది ధ్వనిని స్వీకరించడం. బొప్పాయి, అనాస, సపోటా, టమాట ఈ కోవకు చెందినవి. వీటిలో పరభాషా రూపం తెలుగు ఉచ్చారణకు లొంగిందే తప్ప మాట మారలేదు.

రెండవది గుణాన్ని బట్టి పేరు కల్పించడం. ‘తబాకో’ మాట హిందీ, ఉర్దూలలో ‘తంబాకు’గా నిలిచింది. తెలుగు దానిని అంగీకరించలేదు. పొగ, ఆకు అనే రెండు అచ్చతెలుగు మాటలతో ‘పొగాకు’ ఏర్పడింది. తమిళ ‘పుగైయిలై’, కన్నడ ‘హొగెసొప్పు’ కూడా ఇదే అర్థాన్నిస్తాయి. పరాయితనం ఛాయామాత్రంగానైనా మిగలకుండా అనువదించిన మాట ఇది.

మూడవది ఎరిగిన పంటకు విశేషణం చేర్చడం. వేరుశనగ దీనికి చక్కని ఉదాహరణ. నేలలో వేళ్ల నడుమ దొరికే శనగ అని దీని భావం. నహువా భాషలో ఈ పంట పేరు ‘త్లాల్‌కకావత్ల్’, అనగా నేల కకావ్. అందులోని ‘నేల’ జారిపోయి మెక్సికో స్పానిష్‌లో ‘కకావాతే’ మిగిలింది. మెక్సికో రైతు తానెరిగిన కకావ్ గింజతో పోల్చగా, తెలుగు రైతు తానెరిగిన శనగతో పోల్చాడు. పోర్చుగీసువారు తమ చిరుధాన్యం పేరు ‘మిల్యు’ను కొత్త ధాన్యానికి అన్వయించినట్లే తెలుగువారు దానిని జొన్నలలో ఒకటిగా భావించారు. తెలంగాణలో ‘మక్కజొన్న’, ‘మక్కలు’ అనీ, కోస్తాలో ‘మొక్కజొన్న’ అనీ వ్యవహారం. ‘మక్క’ అనే మాటను మక్కా నగరంతో ముడిపెట్టే వివరణ ప్రచారంలో ఉంది. ‘మొక్కజొన్న’ అనేది అర్థం తెలియని ‘మక్క’కు తెలిసిన తెలుగు మాటతో అర్థం కల్పించుకున్న రూపమని ఊహించవచ్చు.

నాలుగవది వచ్చిన చోటు పేరు పెట్టడం. బంగాళాదుంప, సీమచింత ఇందుకు ఉదాహరణలు. ఇటువంటి పేర్లు పంట జన్మస్థానాన్ని చెప్పవు. అది చివరిగా ఎక్కడి నుండి వచ్చిందని జనం భావించారో దానిని చెబుతాయి. పెరూ పర్వతాల దుంపకు బెంగాలు పేరు అలా కలిగింది.

సీతాఫలం: పేరు కప్పిన పుట్టుక

పాలమూరు గుట్టలలో సీతాఫలం ఎవరూ నాటకుండానే పెరుగుతుంది. మహబూబ్‌నగర్ ప్రాంతపు బాలానగర్ పేరుతో ఒక రకం దేశమంతటా ప్రసిద్ధి పొందింది. పేరులో సీత ఉంది. దాని జాతివే అయిన మరి రెండు పండ్లకు రామాఫలం, లక్ష్మణఫలం అని పేర్లు. ఈ వరుసను విన్నవారికి అరణ్యవాసం స్ఫురించడంలో వింత లేదు. అయితే ఈ మూడూ అమెరికా జాతులే. స్పానిష్‌లో దీని పేరు ‘అనోనా’. ఫిలిప్పీన్స్‌లో ‘ఆతిస్’, బెంగాలీలో ‘ఆతా’, మలయాళంలో ‘ఆత్తచ్చక్క’ అనే పేర్లలో మెక్సికో మాట ‘అహాతే’ ఛాయలు ఉన్నాయని పండితులు సూచించారు. తెలుగు, మరాఠీ, హిందీ భాషలు ఆ ఛాయను సంస్కృత సమాసంతో తొలగించాయి.

ఇక్కడ పరిశోధకునికి ఒక హెచ్చరిక ఉంది. భార్హుత్, మథుర శిల్పాలలో సీతాఫలాన్ని గుర్తించానని అలెగ్జాండర్ కన్నింగ్‌హాం భావించాడు. దానిపై దీర్ఘకాలం చర్చ జరిగింది. గరుకు తొక్కతో గుండ్రంగా ఉన్న ప్రతి శిల్పఫలమూ సీతాఫలం కాజాలదు. ఏడవ శతాబ్ది ఆలయాలున్న ఆలంపూర్ వంటి చోట ఈ జాగ్రత్త మరింత అవసరం. ఆలయం ప్రాచీనమైనది. దాని చుట్టూ కాసే పండు పేరు సంస్కృతమైనంత మాత్రాన ఆ పండు కూడా అంతే ప్రాచీనమైనదని చెప్పలేము.

కాలనిర్ణయంలో, నిఘంటువులలో ఈ పదాల స్థానం

ఆలంపూర్ ప్రాంతంలోని ఇటిక్యాలపాడు స్వగ్రామంగా గల సురవరం ప్రతాపరెడ్డి 1949లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ను వెలువరించారు. రాజుల వంశక్రమానికి బదులు కావ్యాలలోని ఆహారం, వేషం, ఆటలు, ఆచారాల ప్రస్తావనలను చరిత్రకు ఆధారాలుగా గ్రహించడం ఆ గ్రంథపు విశిష్టత. ఆ పద్ధతిని పంటల పేర్లకు వర్తింపజేస్తే ప్రయోజనకరమైన ఒక కొలమానం లభిస్తుంది. శ్రీనాథుని కాలపు వంటలో కారానికి మిరియం ఉంటుంది కాని మిరపకాయ ఉండదు. పూర్వకవికి ఆపాదించిన ఏ చాటువులోనైనా మిరపకాయయో పొగాకో కనిపిస్తే, ఆ పద్యం కర్తృత్వాన్ని గాని పాఠాన్ని గాని మళ్లీ పరీక్షించవలసి ఉంటుంది. అయితే ‘మిరియం’ అన్నచోట పిదప కాలపు లేఖకుడు ‘మిరప’ అని రాసి ఉండే అవకాశాన్ని కూడా విస్మరించరాదు.

నిఘంటువుల సంగతి దీనికి అనుబంధమైనది. బ్రౌన్ నిఘంటువు 1852లో వెలువడేనాటికి మిరప, పొగాకు సాధారణ తెలుగు పదాలే. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వచ్చిన వ్యవసాయ మాండలిక పదకోశం రైతుల నోటి మాటలను ప్రాంతాల వారీగా నమోదు చేసే శాస్త్రీయ పద్ధతికి బాట వేసింది. ఒక్క వేరుశనగకే తెలంగాణలో ‘పల్లీలు’, తుంగభద్రకు ఆవల కర్నూలు వైపు ‘బుడ్డలు’, రాయలసీమలోనే మరికొన్ని చోట్ల ‘శెనక్కాయలు’ అనే పేర్లు ఉన్నాయి. ‘పల్లీ’ దక్కనీ ఉర్దూలోని ‘ఫల్లీ’తో, అనగా కాయ అనే మాటతో, ముడిపడినది. ‘బుడ్డ’ ఉబ్బిన రూపాన్ని చెప్పే మాట. ఏటి ఒడ్డు మారితే ఒకే పంట చరిత్రలోని మరొక పుట తెరుచుకుంటుంది. పాఠ్యపుస్తకాలలో ‘వేరుశనగ’ ఒక్కటే ప్రమాణమైతే ‘పల్లీ’లోని దక్కనీ సంబంధం, ‘బుడ్డ’లోని రైతు చూపు రెండూ మరుగున పడతాయి.

ఈ అనువాద ప్రక్రియ నేటికీ ఆగలేదు. వ్యవసాయ శాస్త్రజ్ఞులు వేరుశనగలో ఒక వర్గానికి ‘స్పానిష్’ అని పేరు పెట్టారు. టి.ఎం.వి. 2, కదిరి 6 ఆ వర్గంలోనివి. తెలుగు రైతులకు అవి ‘గుత్తి రకాలు’. కాయలు మొక్క మొదట్లో గుత్తిగా ఉండడం వారికి కనిపించే లక్షణం. స్పెయిన్ పేరు శాస్త్రగ్రంథంలో ఉండిపోగా చేనులోకి గుత్తి మాత్రమే వచ్చింది. నాలుగు శతాబ్దాల కిందట ‘తబాకో’ పొగాకుగా మారిన తీరుకు ఇది కొనసాగింపు.

ముగింపు

నడిగడ్డ పంటల పేర్లు మూడు అంశాలను స్పష్టం చేస్తున్నాయి. ఒకటి, నిఘంటువు గాని, దుబాసీ గాని లేకుండానే తెలుగు రైతు విస్తృతమైన అనువాద కార్యాన్ని నిర్వహించాడు. రెండు, అరువు మాట వచ్చిన దారిని చూపగా, సొంతంగా కల్పించిన మాట ఆ దారిని మరుగుపరుస్తుంది. కనుక పదస్వరూపాన్ని బట్టి ప్రాచీనతను నిర్ణయించరాదు. మూడు, మాండలిక రూపాలు ప్రామాణిక రూపానికి వికృతులు కావు. ప్రతి రూపమూ ఒక ప్రత్యేక పరిచయానికి సాక్ష్యం. ఆలంపూర్ శాసనాలకు ప్రతులు తీసి భద్రపరచినట్లే, ఆ ఆలయాల చుట్టూ ఉన్న చేలలోని మాటలను కూడా గ్రామాల వారీగా సేకరించడం పరిశోధకుల తక్షణ కర్తవ్యం. పల్లీ, బుడ్డ, మక్క అనే మాటలు ఇప్పటికీ పెద్దల నోట వినిపిస్తున్నాయి. అవి మూగబోయిన తరువాత వాటికి ప్రతి తీయడానికి రాయి ఉండదు.