తార్నాకలో స్త్రీల ఆరోగ్య పరిశోధన

హైదరాబాదులో స్త్రీల ఆరోగ్యంపై జరిగిన ఆలోచనలో పెద్ద భాగం తార్నాకలోనూ, పక్కనే ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలోనూ సాగింది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ చేపట్టిన బెరిబెరి పరిశోధనతో మొదలైంది. 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. స్త్రీల అధ్యయన కేంద్రమైన అన్వేషి 1985లో ఏర్పడి, ఉస్మానియా ప్రాంగణంలో పనిచేసింది.

ఈ రెండు చోట్లా పనిచేసిన వైద్యురాలు వీణా శత్రుఘ్న. స్త్రీని తల్లిగా మాత్రమే చూసే వైద్యం ఆమె మిగతా బాధల్ని పట్టించుకోదు. నడుం నొప్పే అందుకు ఉదాహరణ. ఆస్పత్రికొచ్చిన ఎంతోమంది ఆడవాళ్లు చెప్పుకునే ఈ బాధను పరిశోధనాంశంగా తీసుకుని, వీణా శత్రుఘ్న సహచరులతో కలిసి 1990లో 'ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ'లో వ్యాసం ప్రచురించారు. మందుబిళ్లతో సరిపెట్టే ఫిర్యాదును శాస్త్రం ముందు నిలబెట్టడం చిన్న పని కాదు.

అంతకుముందే, 1985లో, పటాన్‌చెరులో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్ ప్రయోగాన్ని హైదరాబాదులోని స్త్రీల సంస్థ స్త్రీశక్తి సంఘటన ప్రశ్నించింది. సూది వేయించుకునే స్త్రీలకు అది ప్రయోగమన్న సంగతి తెలియదన్నది సంఘటన అభ్యంతరం. 1986లో సహేలీ, చింగారీ సంస్థలతోనూ, డాక్టర్ సి. సత్యమాలతోనూ కలిసి సుప్రీంకోర్టుకెళ్లింది. ఆ ఉద్యమ వాతావరణంలోనే 1991లో 'సవాలక్ష సందేహాలు' వచ్చింది. నెలసరి, కాన్పు, తెల్లబట్ట వంటి విషయాలను ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో చెప్పిన పుస్తకమిది. దాని విలువ ఎంత చెప్పినా తక్కువే. దాని ఆధారంగా వీణా శత్రుఘ్న, గీతా రామస్వామి, శ్రీవిద్యా నటరాజన్ రాసిన ఇంగ్లీషు పుస్తకాన్ని 2004లో పెంగ్విన్ ప్రచురించింది.

సమ్మతి ప్రశ్న 2009లో ఒక టీకా విషయంలో మళ్లీ లేచింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్‌ను అడ్డుకునే టీకా విలువైనదే. దాన్ని ఖమ్మం జిల్లాలో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ నడిపిన ఆ ప్రాజెక్టులో పోషకాహార సంస్థకు మాతృసంస్థ అయిన భారత వైద్య పరిశోధన మండలికీ పాత్ర ఉంది. కొందరు బాలికలు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆగింది. మరణాలకు టీకా కారణం కాదని విచారణ సంఘం తేల్చింది. అయినా సమ్మతి తీసుకున్న తీరును 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 మీద తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు.