పెళ్లికి సరిహద్దు అడిగిన సాక్ష్యం

1979 జనవరి 24న భారతదేశానికి చెందిన 35 ఏళ్ల ఉపాధ్యాయిని ఒకరు లండన్‌లోని హీత్రూ విమానాశ్రయంలో దిగారు. బ్రిటన్‌లో స్థిరపడిన భారతీయ సంతతి వ్యక్తిని వివాహం చేసుకోవడానికి ఆమె వెళ్లారు. వలస అధికారులు ఆమె మాట నమ్మలేదు. ఆమెను ఒక పురుష వైద్యుడి ముందు నిలబెట్టి, కన్య అవునో కాదో తేల్చమన్నారు. కాదంటే వెనక్కి పంపుతారన్న భయంతో ఆమె అంగీకార పత్రంపై సంతకం చేశారు. ఫిబ్రవరి 1న గార్డియన్ పత్రిక ఈ ఉదంతాన్ని బయటపెట్టింది.

ఆ అనుమానానికి మూలం ఒక నిబంధనలో ఉంది. బ్రిటన్‌లో ఉన్న భర్తను చేరుకోదలచిన భార్య స్వదేశంలోనే ఎంట్రీ సర్టిఫికెట్ పొందాలి. దాని కోసం భారత ఉపఖండంలో నెలల తరబడి, కొన్నిచోట్ల ఏళ్ల తరబడి నిరీక్షించవలసి వచ్చేది. పెళ్లి చేసుకోబోయే వధువుకు ఆ సర్టిఫికెట్ అక్కరలేదు. కాబట్టి కాబోయే వధువునని చెప్పుకొనే స్త్రీ నిజానికి నిరీక్షణ తప్పించుకోజూస్తున్న భార్య కావచ్చునని అధికారులు తర్కించారు. భారతీయ స్త్రీ పెళ్లికి ముందు తప్పక కన్యగానే ఉంటుందన్న మూసభావన ఆ తర్కానికి ఆధారం. శాస్త్రీయంగా ఏమాత్రం నిలవని పరీక్షను పత్రానికి ప్రత్యామ్నాయంగా వాడుకున్నారు.

వలస చట్టం భారతీయుల వివాహాన్ని శంకించడం అదే మొదటిసారి కాదు. 1913 మార్చిలో దక్షిణాఫ్రికాలోని కేప్ సుప్రీంకోర్టు న్యాయమూర్తి సర్ల్ ఒక తీర్పు ఇచ్చారు. అక్కడ నివసిస్తున్న భర్త వద్దకు భారతదేశం నుంచి వచ్చిన ఒక ముస్లిం మహిళకు భార్యగా ప్రవేశించే హక్కు లేదన్నది దాని సారాంశం. బహుభార్యత్వాన్ని అనుమతించే మతాచారం ప్రకారం జరిగిన పెళ్లిని అక్కడి చట్టం వివాహంగా గుర్తించదని న్యాయస్థానం భావించింది. దాంతో హిందూ, ముస్లిం, పార్శీ దంపతులందరి వివాహాలూ ప్రశ్నార్థకమయ్యాయి. అదే ఏడాది సెప్టెంబరులో కస్తూర్బా తదితర మహిళలు సత్యాగ్రహంలో చేరి మూడు నెలల కఠిన కారాగార శిక్ష అనుభవించారు. 1914 నాటి ఇండియన్ రిలీఫ్ చట్టం ఏకపత్నీ వివాహాలను గుర్తించింది. మాజీ ఒప్పంద కూలీలపై ఉన్న మూడు పౌండ్ల పన్నునూ రద్దు చేసింది. మద్రాసు రేవు నుంచి ఓడలెక్కి నాటాల్ చెరకు తోటలకు చేరిన తెలుగు కుటుంబాలకు ఆ చట్టం ఇచ్చిన ఊరట చిన్నది కాదు.

బ్రిటన్ ఇదే అనుమానాన్ని ఒక పాలనా యంత్రాంగంగా మలిచింది. 1969 చట్టం ఆశ్రితులకు ఎంట్రీ సర్టిఫికెట్‌ను తప్పనిసరి చేసింది. దంపతులను, బంధువులను విడివిడిగా కూర్చోబెట్టి బంధుత్వాల గురించి, ఇంటి వివరాల గురించి ప్రశ్నించేవారు. జవాబులు పొసగకపోతే బంధమే బూటకమని తేల్చేవారు. ఏళ్ల క్రితం జరిగిన పెళ్లి గురించి భార్యాభర్తలకు ఒకే విధమైన జ్ఞాపకాలు ఉండవన్న ఇంగితానికి అక్కడ చోటు లేదు. పిల్లల వయసు తేల్చడానికి ఎముకల ఎక్స్‌రేలు తీశారు. వైద్య అవసరం లేని ఆ ఎక్స్‌రేలు 1982లో గాని ఆగలేదు.

హీత్రూ ఉదంతంపై భారత ప్రభుత్వం నిరసన తెలిపింది. అవాజ్, ఓవాడ్ వంటి ఆసియన్, నల్లజాతి మహిళా సంఘాలు విమానాశ్రయంలోనే ధర్నా చేశాయి. హోం మంత్రి మెర్లిన్ రీస్ ఆ పరీక్షలను ఆపించారు. ప్రభుత్వం మాత్రం అవి అరుదైన ఘటనలన్నట్లే మాట్లాడింది. 2011లో పరిశోధకులు మారినెల్లా మార్మో, ఇవాన్ స్మిత్ హోం శాఖ పాత దస్త్రాలను తిరగేసినప్పుడు, 1970ల చివరి సంవత్సరాల్లో భారత ఉపఖండానికి చెందిన కనీసం 80 మంది స్త్రీలకు ఇలాంటి పరీక్షలు జరిగినట్లు వెల్లడైంది.

పరీక్ష ఆగింది, అనుమానం ఆగలేదు. 1980ల్లో బ్రిటన్ తెచ్చిన నిబంధన ప్రకారం, పెళ్లి ప్రధానోద్దేశం బ్రిటన్‌కు రావడం కాదని దరఖాస్తుదారే నిరూపించుకోవాలి. పెద్దలు కుదిర్చిన వివాహాలకే ఇది శాపమైంది. మనసులో లేని ఉద్దేశాన్ని లేదని రుజువు చేయడం ఎవరి తరం? 1985 మేలో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం, భార్యలను రానిచ్చినంత తేలికగా భర్తలను రానివ్వకపోవడం లింగ వివక్ష అని తీర్పు చెప్పింది. బ్రిటన్ ఆ వివక్షను తొలగించిన తీరు విచిత్రం. భర్తలకు దారి సులభం చేయకుండా, భార్యలకూ అదే కష్టాన్ని వర్తింపజేసింది. ఆ నిబంధన 1997లో గాని రద్దు కాలేదు.

నేటి అమెరికాలో ఈ చరిత్ర దస్త్రాల రూపంలో కొనసాగుతున్నది. 1986 చట్టం ప్రకారం పెళ్లై రెండేళ్లు నిండని భార్యకో భర్తకో దక్కేది రెండేళ్ల షరతులతో కూడిన గ్రీన్‌కార్డు. ఆ షరతుల తొలగింపునకు దంపతులిద్దరూ కలిసి దరఖాస్తు చేయాలి. హింసించే భర్త సంతకం కోసం భార్య కాపురంలోనే మగ్గవలసిన దుస్థితికి 1990లో గాని మినహాయింపు రాలేదు. ఇంటర్వ్యూకు వెళ్లే తెలుగు దంపతులు పెళ్లి ఫొటోలు, ఉమ్మడి బ్యాంకు ఖాతాలు, అద్దె ఒప్పందాలు సర్దుకుంటారు. నిశ్చితార్థానికీ ముహూర్తానికీ మధ్య నాలుగు వారాలే ఉన్న పెళ్లిలో పరిచయం ఎలా పెరిగిందో అధికారికి విడమరచి చెప్పవలసి వస్తుంది. వైద్య పరీక్ష ఇప్పటికీ ఉంది. ప్రభుత్వం గుర్తించిన వైద్యుడు టీకాలు, క్షయ వంటి వ్యాధుల వివరాలు నమోదు చేస్తాడు. అయితే ఆ నివేదిక ఆరోగ్యానికే పరిమితం. పెళ్లి నిజమా కాదా అన్నది వైద్యుడి పని కాదు. ఈ చిన్న విభజన వెనుక హీత్రూ వంటి అవమానాల భారం ఉంది.

1979లో నిరసన తెలిపిన భారతదేశం కూడా ఇప్పుడు అడిగే స్థానంలో ఉంది. 2015 సవరణ ప్రకారం భారతీయుల విదేశీ జీవిత భాగస్వామికి ఓసీఐ హోదా దక్కాలంటే వివాహం నమోదై ఉండాలి, దరఖాస్తుకు ముందు రెండేళ్లు నిరంతరాయంగా కొనసాగి ఉండాలి, భద్రతా సంస్థల అనుమతి రావాలి. బూటకపు పెళ్లిళ్లను అరికట్టే హక్కు ఏ రాజ్యానికైనా ఉంటుంది. కానీ అధికారి ఏం అడగవచ్చు, ఏం అడగకూడదు, అతడి అనుమానం తప్పైతే సరిదిద్దేదెవరు అన్నవి చట్టంలో రాసి ఉండాలి. వాటిని రాయని చోట, తిప్పి పంపుతారన్న భయమే అంగీకారంగా నమోదవుతుంది. ఆ ఉపాధ్యాయిని సంతకం అలాంటిదే.