కరణము కొలువు నుండి ప్రధాన న్యాయపీఠమునకు

నెలకొక రూపాయి జీతమునకు గ్రామ కరణము కడ సహాయకుడుగా చేరిన బాలు డొకడు మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయపీఠము నధిష్ఠించెను. ఆయనయే సర్ తిరువారూరు ముత్తుస్వామి అయ్యరు. 1832వ సంవత్సరమున తంజావూరు జిల్లా ఉచ్చువాడి గ్రామమున నిరుపేద యింట జన్మించెను. పిన్ననాడే తండ్రి గతింపగా కవిలెకట్టలే ఆయనకు బడి యయ్యెను. ఆ బడి ఎంతటి కఠినమో కరణీకము నెరిగినవారికి వేరుగ చెప్ప నక్కరలేదు.

ఒకనాడు ఏటిగట్టు తెగినదని వార్త వచ్చెను. తహశీల్దారు పంపగా బాలుడు పోయి చూచివచ్చి, గండి కొలత, కావలసిన సామగ్రి, కూలీల లెక్క పూసగ్రుచ్చినట్లు విన్నవించెనట. తహశీల్దారు ముత్తుస్వామి నాయకరు అచ్చెరువంది ఆతనిని విద్యకై మద్రాసు పంపించెను. ఆ దొడ్డమనసు లేనిచో తరువాతి కథయే లేదు.

1856లో మునసబు పదవి లభించెను. పిదప మద్రాసు పోలీసు కోర్టున మేజిస్ట్రేటుగా నుండగా, ఒక దేశీయుని కొట్టిన నేరమునకు హైకోర్టు ఆంగ్ల న్యాయమూర్తికే 3 రూపాయల జరిమానా విధించెనని చెప్పుదురు. మొత్తము స్వల్పమే గాని ఆ దినములలో అట్టి తీర్పు వ్రాయుటకు ఎంత గుండె కావలెను!

మద్రాసు హైకోర్టున న్యాయమూర్తి యైన ప్రథమ భారతీయు డాయనయే. ఆ నియామకమును ఆంగ్లేయుల పత్రిక తీవ్రముగ నాక్షేపింపగా, దానికి ప్రత్యుత్తర మీయదలచిన యువకులు కొందరు 1878 సెప్టెంబరు 20వ తేదీన ‘హిందూ’ పత్రికను స్థాపించిరి. 1893లో కొన్ని మాసములు తాత్కాలిక ప్రధాన న్యాయమూర్తిగా వ్యవహరించి, 1895 జనవరిలో ఆయన కీర్తిశేషు డయ్యెను.

ఆ పీఠము స్థిరముగ భారతీయునికి దక్కుటకు మరి 55 ఏండ్లు పట్టెను. 1948లో దాని నధిష్ఠించిన పి.వి. రాజమన్నారు తెలుగువారు, తెలుగు నాటకకర్త.