విక్రీతగృహమునందలి వస్తువు లెవ్వరివి?

'ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు' అని మన పెద్దలు చెప్పిరి గాని 'ఇల్లు కొని చూడు' అని చెప్పలేదు. వారి కాలమున ఇల్లు కట్టుకొనువారే హెచ్చు, కొనువారు తక్కువ. తాత కట్టించిన యింట మనుమడు పుట్టి, పెరిగి, ఆ యింటనే కన్ను మూయుచుండెను. కావున ఒకరి యిల్లు మరియొకరికి చెందునపుడు దానితో కూడ నేమేమి చెందునను ప్రశ్న వారిని బాధింపలేదు. నేడది మనలను బాధించుచున్నది.

హైదరాబాదునకు ఉత్తరమున నున్న మేడ్చలు, శామీరుపేట ప్రాంతములను చూచిన నీ మార్పు తేటపడును. మేడ్చలు నాగపురమునకు పోవు బాటమీదను, శామీరుపేట కరీంనగరమునకు పోవు బాటమీదను ఉన్నవి. ఒకప్పు డివి చెరువును, పొలమును నమ్ముకొని బ్రతికిన యూళ్ళు. నగరము చుట్టును 158 కిలోమీటర్లు సాగిన వలయరహదారి యీ రెండుతావులను తాకుచు పోయినది. ఔషధపరిశోధనశాలలు వచ్చినవి, విద్యాలయములు వచ్చినవి. 2016లో మేడ్చలు పేరనే యొక జిల్లా యేర్పడినది. పొలములు స్థలములైనవి, స్థలములు గృహములైనవి. ఆ గృహములు నేడు ఒక చేతినుండి మరియొక చేతికి మారుచున్నవి. పూర్వ మిచ్చట తగవులు పొలిమేరరాళ్ళను గూర్చి పుట్టెడివి. ఇప్పుడు గోడలోపలి వస్తువులను గూర్చి కూడ పుట్టుచున్నవి.

ఆ తగవు రీతి యెట్టిదనగా, బేరమాడునాడు కొనువాడు భార్యాసమేతముగా వచ్చి యిల్లు చూచును. కప్పున పంఖాలు తిరుగుచుండును. స్నానపుగదిలో వేడినీటి యంత్రము, వంటయింట చెక్క అలమరలు, పెరట బోరుమోటారు, మేడపై నీళ్ళ ట్యాంకు కనబడును. రిజిస్ట్రీ జరిగి, సొమ్ము చెల్లి, తాళపుచెవులు చేతికి వచ్చిన పిదప తలుపు తీసి చూడగా కప్పున తీగలు వ్రేలాడుచుండును. గోడలకు మేకుల రంధ్రములు మిగులును. మోటారున్నచోట గొట్టపునోరు తెరచుకొని యుండును. 'ఇల్లమ్మితిని గాని సామానమ్మలే'దని యమ్మినవాడనును. 'చూచినదానికే వెల యిచ్చితి'నని కొన్నవాడనును. ఇరువురును తమదే న్యాయమని నమ్ముదురు. నడుమ నా యింటి యిల్లాలు పాలు పొంగింపవలసిన శుభదినమున బిందెడు నీటికై పొరుగింటి గడప తొక్కవలసివచ్చును. జీవితకాలపు కూడబెట్టును ధారవోసి కొన్న గృహమున తొలిదినమే మనసు విరుగుటకంటె కష్టమేమున్నది?

మన ధర్మశాస్త్రకారులీ విషయమును తలపకపోలేదు. యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షరయను వ్యాఖ్య రచించిన విజ్ఞానేశ్వరుడు కల్యాణపురమున, 1076 మొదలు 1126 వరకు ఏలిన ఆరవ విక్రమాదిత్యుని కాలమున వర్ధిల్లెను. ఆ కల్యాణమే నేటి బీదరు జిల్లాలోని బసవకల్యాణము. 1956 వరకు నది హైదరాబాదు రాజ్యములోనిదే. కావున నాయన మనకు దూరపువాడు కాడు. పదుమూడవ శతాబ్దమున కేతన యా గ్రంథము ననుసరించి తెలుగున విజ్ఞానేశ్వరీయమును రచించెను.

భూమి యొకరినుండి యొకరికి చెందుటకు గ్రామము, జ్ఞాతులు, పొరుగువారు, దాయాదులు అను నలుగురి సమ్మతియు, హిరణ్యోదకదానమును గలిసి యారు వలెనని పూర్వవచనము. పొరుగువాని సమ్మతి యెందులకు? అతడు వలదన్న విక్రయము చెల్లదని కాదు, ముందు ముందు సరిహద్దు తగవు రాకుండుటకని విజ్ఞానేశ్వరుడు వివరించెను. అనగా పదిమంది యెదుట జరిపించుట తగవు తీర్చుటకు గాక తగవు పుట్టకుండుటకే యేర్పడినది. ఈ సూక్ష్మమును మనము మరచితిమి.

వెల పుచ్చుకొని వస్తువు నీయకుండుటను స్మృతికారులొక ప్రత్యేక వివాదపదముగా లెక్కించిరి. అమ్మిన పిదప, అప్పగింపకముందు, వస్తువు చెడినను దొంగలపాలైనను నష్టము విక్రేతదేయని నారదుడు చెప్పెను. నిర్దోషమైనదానిని చూపి దోషముగలదాని నిచ్చినవాడు రెట్టింపు వెల యిచ్చుకొనవలె ననియు శాసించెను. మోటారుతో నిల్లు చూపి మోటారులేని యిల్లిచ్చువానికి నీ మాట యెంత చక్కగా తగులుచున్నదో చదువరులే చూడుడు!

కొన్నదానిని పరీక్షించుటకు గడువు కూడ నేర్పరచిరి. ఇనుమున కొకదినము, పాడిపశువునకు మూడు, రత్నములకు ఏడు, విత్తనములకు పది. కొని గాని యమ్మి గాని పశ్చాత్తాపపడినవాడు పదిదినములలో మార్చుకొనవచ్చునని మనువు చెప్పిన నియమము ఇల్లు, పొలము మొదలుగాగల, వాడుకచే నశింపని వస్తువులకు చెందునని మితాక్షర నిర్ణయించినది. గృహము కొన్నవానికి పదిదినముల యూపిరి నిచ్చిన శాస్త్రము మనది.

ఇక శాసనములను చూతము. విజయనగరరాజుల దానశాసనములలో నిధి, నిక్షేపము, జలము, పాషాణము, అక్షీణి, ఆగామి, సిద్ధము, సాధ్యము అను అష్టభోగములతో భూమి నిచ్చినట్లుండును. పాతిపెట్టిన ధనము మొదలు ముందు రాగల ఫలమువరకు నేదియు విడువక చెప్పుట వాని యుద్దేశము. ఆ మాటలు తెలుగు క్రయదస్తావేజులలో నేటికిని కనబడుచున్నవి. అయితే చిత్రము చూడుడు. ఎవ్వరికిని దొరకని నిధి దస్తావేజులో నున్నది, దొరికినను ప్రభుత్వమునకు తెలుపక తప్పదు. దినదినమును తిప్పవలసిన నల్లా మాత్రము దస్తావేజులో లేదు. పూర్వులు తమ కాలమున విలువగల ప్రతివస్తువును పేర్కొనిరి. మనము వారి మాటలను నిలుపుకొని వారి బుద్ధిని విడిచితిమి.

1882 నాటి ఆస్తిబదలాయింపు చట్టము ఈ లోపమును కొంతవరకు పూరించినది. ఒప్పందమున వేరు విధముగా లేనియెడల గృహముతో కూడ తాళములు, తాళపుచెవులు, గడియలు, తలుపులు, కిటికీలు, ఆ గృహముతో శాశ్వతోపయోగమునకై యమర్చిన తక్కిన వస్తువులన్నియు కొన్నవానికి చెందునని దాని యెనిమిదవ సెక్షను చెప్పుచున్నది. ఒప్పందమునకును అప్పగింతకును నడుమ, వివేకముగల యజమాని తన సొత్తును కాపాడుకొనునట్లు అమ్మినవాడా యింటిని కాపాడవలెనని యేబదియైదవ సెక్షను విధించుచున్నది.

అయితే 'శాశ్వతోపయోగము' అన నేమి? ఇంగ్లాండునందు 1872లో హాలెండు, హాడ్జ్‌సనుల వ్యాజ్యెమున, మిల్లునేలకు మేకులతో బిగించిన మగ్గములు ఎవ్వరివను ప్రశ్న పుట్టెను. వస్తు వెంత గట్టిగా నంటుకొనియున్నది, ఎందుల కంటింపబడినది యను రెండింటిని చూడవలెనని బ్లాక్‌బర్ను న్యాయాధిపతి తీర్మానించి, ఆ మగ్గములు భూమిలో భాగమే యనెను. గోడగా పేర్చిన రాళ్ళు, సున్నము లేకున్నను, భూమిలో భాగమనియు, అవే రాళ్ళు కొట్టున కుప్పగా పేర్చినచో కావనియు నాయన చూపిన దృష్టాంతము మిక్కిలి తేటయైనది. 1996లో నచ్చటనే మరియొక వ్యాజ్యెమున స్నానపుగది కొళాయిలును, వంటయింటి బిగింపు అలమరలును ఇంటివని, తివాసులు, తెరలు, వంటపొయ్యి ఇంటివి కావని పైకోర్టు నిర్ణయించెను. ఈ తీర్పులు మన న్యాయస్థానములను కట్టివేయవు గాని దారి చూపును. ఆ దారిని బట్టి నల్లాలు, గోడ అలమరలు, బోరుమోటారు ఇంటితో పోవుననియు, మంచము, తెరలు అమ్మినవానివే యనియు మా యభిప్రాయము. పంఖాలు, వేడినీటి యంత్రము సందేహస్థానములు. తగవులు పుట్టునది వీనియందే.

అద్దెకున్నవాని సంగతి వేరు. పరుల నేలపై అద్దె చెల్లించుచు నిల్లు కట్టుకొన్నవాడు పోవునపుడు కప్పు, కలప, ఇటుకలు తీసికొనిపోవచ్చునని నారదుడే చెప్పెను. తాను పెట్టినదానిని తాను తీసికొనుట న్యాయము. వెల పుచ్చుకొనినదానిని తీసికొనుట యన్యాయము. అమ్మినవారు పలువురు ఈ రెండింటి భేదము నెరుగకయే పొరబడుచున్నారు.

కావున మేము సూచించు మార్గమిది. బేరము కుదిరిననాడే యింటిలోని వస్తువులను గదివారీగా వ్రాసి, ఉండునవి యివి, పోవునవి యివి యని యిరువురును సంతకములు చేయవలెను. ఛాయాచిత్రములు తీసికొనుట సులభము. వెలలో స్వల్పభాగమును, పట్టిక సరిచూచి తాళపుచెవులు పుచ్చుకొనువరకు నిలుపుటకు ఒడంబడిక చేసికొనవలెను. విజ్ఞానేశ్వరుని పదిదినములను మన యొప్పందములలో మరల చేర్చి, ఆ లోపల తేలిన కొరతను అమ్మినవాడు పూరింపవలెనని వ్రాసికొనినచో మరింత మేలు.

ఇవేవియు చేయక యిల్లు కొని, వస్తువు కానరాకపోయినచో, ఆలస్యము చేయక, లోపించినవానిని పేరుపేరున వ్రాసి, తిరిగి యిమ్మనియో వెల యిమ్మనియో మర్యాదగా జాబు వ్రాయవలెను. మరచి తీసికొనిపోయినవారు దీనికే లొంగుదురు. వెంటనే పోలీసుఠాణాకు పోవుట తగదు. తనదను నమ్మికతో తీసినవాడు దొంగ కాడు, దొంగయనిపించుకొన్నవాడు రాజీకి రాడు. జాబునకు ఫలము లేనిచో 1987 నాటి చట్టముచే నేర్పడిన న్యాయసేవాసంస్థల నాశ్రయింపవచ్చును. ఇరువురు నొప్పుకొని లోకదాలతునందు చేసికొన్న రాజీ సివిలుకోర్టు డిక్రీతో సమానము, దానిపై అప్పీలు లేదు. అంతకును తెగనిచో వ్యాజ్యెమున్నది. అయినను ఒక పంఖాకై మూడేండ్లు కోర్టుమెట్లెక్కుట లాభమో నష్టమో గృహస్థుడే లెక్కవేసికొనవలెను.

పట్టిక వ్రాయుమన్న మనవారు సిగ్గుపడుదురు. 'ఇంత చిన్నదానికి కాగితమా, మమ్ము నమ్మరా?' యని యమ్మినవాడు నొచ్చుకొనునని భయపడుదురు. పెండ్లిలో పెట్టుపోతలను చెంబుతో సహా వ్రాసికొనువారికి, ఇల్లు కొనునపుడీ మొగమాట మెందులకో మాకు బోధపడదు. వ్రాత యపనమ్మకమునకు గుర్తు కాదు. నమ్మకము చెడకుండుటకు చేసిన కట్టుబాటు. 1998లో స్థాపింపబడిన నల్సారు న్యాయవిశ్వవిద్యాలయము శామీరుపేటయందే యున్నది. ఆ యూరి చెంతనే యొక కుటుంబము పంఖాకై మరియొక కుటుంబముతో మాటలు మానుకొనుట శోచనీయము గాదా! ఇంటి వస్తువుల నెరిగినది ఇల్లాలు. ఆమె చేతికే కలమిచ్చి పట్టిక వ్రాయించినచో నొక్కటియు తప్పిపోదు. మన చదువరుల యిండ్లలోనైన నీ యలవాటు మొదలగుగాక యని కోరుచున్నాము.