జొన్నగింజకు పట్టిన తెల్లబూజు: పుట్టగొడుగుల విత్తనం కథ



ఇంట్లో పుట్టగొడుగులు పెంచాలని ఉంది, ఎలా మొదలుపెట్టాలి అని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. షెడ్డు ఎంత ఉండాలి, ఖర్చెంత, మిగిలేదెంత అని అడుగుతారు గానీ విత్తనం సంగతి అడిగేవాళ్లు తక్కువ. వరికైనా మిర్చికైనా విత్తనం చూడకుండా నారు పోయం కదా, మరి దీనికెందుకు చూడం? అందుకే ఈరోజు విత్తనం కథ రాస్తున్నా. కొంచెం పొడుగు పోస్టు, ఓపిగ్గా చదవండి.

పేరులోనే ఉంది, పుట్ట మీద లేచే గొడుగు అని. చెదలు పుల్లా ఆకూ నమిలి తెచ్చి, పుట్ట లోపల దానిమీద ఒక రకం బూజు పెంచుకుంటాయి. వానలు పడ్డాక ఆ బూజే గొడుగై పైకొస్తుంది. అంటే ఈ సాగులో మనకన్నా ముందు రైతులు చెదలే. మన పెద్దలు ఏరుకొచ్చి వండుకున్నారు గానీ పెంచలేదు. ఎందుకంటే దీనికి గింజ లేదు. గొడుగు కింది మడతల్లోంచి రాలే పొడే విత్తనం, అది విడిగా కంటికి ఆనదు.

పారిస్ చుట్టుపక్కల ఖర్బూజా రైతులు 1650 ప్రాంతంలో గుర్రపు ఎరువు మీద బటన్ పుట్టగొడుగు పెంచడం మొదలుపెట్టారు. ఎరువులో అల్లుకున్న తెల్లదారాలే కొత్త మడికి విత్తనంగా పనికొస్తాయని 1707లో టూర్నెఫోర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు రాశాడు. ఆ తర్వాత పారిస్ రాతిగనుల్లో, చీకట్లో పెంచారు. కానీ విత్తనం మాత్రం పాత మడి ముక్కే. దాంతోపాటు పాత మడిలోని తెగుళ్లు, పురుగులు కూడా కొత్త మడికి వచ్చేవి. ఒక పంట బాగా వచ్చి ఇంకోటి పూర్తిగా పోయేది.

1894లో పారిస్ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో కాన్‌స్టాంటిన్, మాత్రుషో అనే ఇద్దరు ఆ కనపడని పొడిని మొలకెత్తించి, వేరే బూజు కలవని విత్తనం తయారుచేశారు. అమెరికాలో మార్గరెట్ ఫెర్గూసన్ ఆ పొడి ఎలా మొలకెత్తుతుందో 1902లో వివరంగా అచ్చువేయించింది. 1905లో డగ్గర్, మంచి పుట్టగొడుగు లోపలి కండ చిన్నముక్క తీసి దాన్నుంచే విత్తనం చేయొచ్చని చూపించాడు. 1932లో జేమ్స్ సిండెన్ ఉడికించి శుద్ధి చేసిన ధాన్యపు గింజల మీద ఆ దారాలు ఎక్కించే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. ఒక్కో గింజా ఒక్కో విత్తనమైపోయింది. ఈరోజు మన చేతికొచ్చే జొన్నగింజల ప్యాకెట్ ఆ దారిలో వచ్చిందే.

మన వైపు కథ కోయంబత్తూరులో మొదలైంది. 1940ల మొదట్లో అక్కడి వ్యవసాయ శాస్త్రజ్ఞులు థామస్, ఆయన సహచరులు వరిగడ్డి పుట్టగొడుగును మోపులు పేర్చి పెంచి చూపించారు, 1943లో ప్రచురించారు. అప్పటికి మన కోస్తా, రాయలసీమ కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోనివే. గడ్డి మనదగ్గర లేకనా? అయినా ఊరూరా పాకలేదు. ఆ రకం కోసిన ఒకటి రెండు రోజుల్లోనే పాడైపోతుంది, ఫ్రిజ్ చలికీ నిలవదు. సంత దూరమైతే చేతికొచ్చిన పంట చేతిలోనే పోతుంది.

చిన్నరైతుకి తలుపు తీసింది ముత్యపుచిప్ప రకం. జర్మనీలో ఫాల్క్ 1917లో దీన్ని చెట్టు మొద్దుల మీద పెంచాడు. మన దేశంలో మైసూరు ఆహార పరిశోధన సంస్థలో జకియా బానో, శ్రీవాస్తవ 1962లో దాన్ని వరిగడ్డి మీదకి తెచ్చారు. గుర్రపు ఎరువు అక్కర్లేదు, కంపోస్టు తిప్పే పనీ లేదు. 1974లో జండైక్, కపూర్ అనే శాస్త్రజ్ఞులు ఇంకో ముత్యపుచిప్ప రకాన్ని సాగులోకి తెచ్చారు. ఎండలకి తట్టుకునే పాల పుట్టగొడుగు బెంగాల్లో దొరికింది, 1974లోనే దాని వివరం అచ్చయింది. 1983లో హిమాచల్‌లోని సోలన్‌లో జాతీయ కేంద్రం పెట్టారు.

ఈ కథ తెలిస్తే పని కూడా అర్థమవుతుంది. రెండంగుళాల ముక్కలుగా కోసిన గడ్డిని రాత్రంతా నానబెట్టి, 80 డిగ్రీల వేడినీళ్లలో గంటసేపు ఎందుకు ఉంచుతాం? వేరే బూజుల్ని అణచడానికి. నీరు ఓడ్చి పిడికిట్లో పిండితే చుక్క రాలకూడదు ఎందుకు? నీరు నిలిస్తే గాలాడక విత్తనం కుళ్లుతుంది. సంచిలో వరసలుగా విత్తనం చల్లి, చిల్లులు పెట్టి, 15 నుంచి 20 రోజులు చీకటి గదిలో ఉంచితే దారాలు గడ్డంతా పాకుతాయి. ఆ తర్వాత వెలుతురు, గాలి, తేమ ఇస్తే మొగ్గ కడుతుంది. కిలో ఎండుగడ్డికి అరకిలో నుంచి కిలో వరకూ రావచ్చు. గదిలో పనిచేసేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకోండి, రాలే పొడికి కొందరికి దగ్గు పట్టుకుంటుంది.

ఇక అసలు మాట. విత్తనం మేమిస్తాం, పంట మేమే కొంటాం, ముందు డిపాజిట్ కట్టండి అని ఊళ్లకి వస్తున్నారు. మా వైపు అలా కట్టినవాళ్లలో కొందరికి రెండో విడత విత్తనమే రాలేదు, ఫోనూ ఎత్తలేదు. పోయినవి ఎక్కువగా డ్వాక్రా అప్పు తెచ్చి కట్టిన ఆడవాళ్ల డబ్బులు. మూడు వందల ఏళ్లు పడి మనుషులు తెలుసుకున్న విద్య ఇది, ఎవరి సొంత రహస్యమూ కాదు. కృషి విజ్ఞాన కేంద్రాల్లో, వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో శిక్షణ ఉందేమో ముందు కనుక్కోండి.

ప్యాకెట్ కొనేటప్పుడు తయారైన తేదీ చూడండి. గింజలన్నిటికీ తెల్లగా, సమంగా పట్టి ఉండాలి. పచ్చమచ్చ, నల్లమచ్చ ఉన్నా, పులిసిన వాసన వచ్చినా మొహమాటపడకుండా తిప్పి ఇచ్చేయండి. మొదట పది సంచులతో మొదలుపెట్టండి, అమ్మే చోటు కుదిరాకే పెంచండి. చేలగట్ల మీద లేచినవి మాత్రం తెలియకుండా వండొద్దు, విషం ఉన్నవీ అచ్చం అలాగే ఉంటాయి.

సందేహాలుంటే కింద రాయండి, తెలిసినంతవరకు చెబుతాను. డిపాజిట్ అడుగుతున్నారని ఎవరైనా అంటే ఈ పోస్టు వాళ్లకి చూపించండి.